సత్యభామ జడ ఎవరిది?

మగవాళ్ళ వృత్తుల్లో ఆడవాళ్ళు అనగానే విమానం నడిపే అమ్మాయో, రైలింజనెక్కిన అమ్మాయో గుర్తొస్తుంది. కృష్ణా జిల్లాలో అంతకన్నా గట్టిగా గడియ పెట్టుకున్న వృత్తి ఒకటుండేది. అది ఆడవేషం కట్టడం. మొవ్వ మండలం కూచిపూడిలో సత్యభామ వేషానికి మొదటి అర్హత మగవాడై పుట్టడం. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి లాంటి కొన్ని ఇంటిపేర్ల వాళ్ళకే ఆ వృత్తి, వాళ్ళలోనూ మగపిల్లలకే. ఇవాళ ఏ ఊళ్ళో కూచిపూడి ప్రదర్శన పెట్టినా వేదిక నిండా ఆడపిల్లలే. ఇంతలా తలకిందులైన వృత్తి మన వైపు ఇంకోటి ఉందా అంటే నాకు తోచడం లేదు.

ఇది గెలుపా కాదా అని ఒక మామయ్యా, మేనకోడలూ బెజవాడ నుంచి కూచిపూడి దాకా కారులో వాదులాడుకున్నారు. మామయ్య ఆ ఇంటిపేర్లలో ఒకదానివాడు. కుర్రతనంలో వేషాలు కట్టి, తర్వాత బ్యాంకులో చేరి, రిటైరై ఊరికి తిరిగొచ్చాడు. మేనకోడలు సత్యనారాయణపురంలో డాన్సు క్లాసు నడుపుతుంది. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో ఆమె శిష్యుల ప్రోగ్రాం అయ్యాక బయల్దేరాం. వెనక సీట్లో గజ్జెల సంచికీ తరంగం పళ్ళేనికీ మధ్య నేను. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్ళ మాటలు మాత్రం దాదాపు వాళ్ళు అన్నట్టే ఉన్నాయి.

మామయ్య: పిల్లలు బాగా చేశారే. తాళం ఎక్కడా జారలేదు. కానీ ఒక్కటి అడుగుతా. ఇంతసేపు ఆడారు కదా, ఒక్క పిల్లయినా నోరు విప్పిందా?

మేనకోడలు: వచ్చేశావూ? ఇంకా బెంజి సర్కిలైనా దాటలేదు, అప్పుడే వాచికం దగ్గరికి వచ్చేశావు.

మామయ్య: ఎందుకు రానూ? భామాకలాపంలో సత్యభామ తనే పాడాలి, తనే మాట్లాడాలి, తనే ఆడాలి. తెర వెనకనుంచి జడ ఇవతలికి వేసేది దేనికి? నన్ను మించినవాడెవడన్నా ఉంటే వచ్చి ఈ జడ కోసుకుపొమ్మని సవాలు. అంత సవాలు చేసిన మనిషి, పక్కన ఇంకెవరో మైకులో పాడుతుంటే పెదాలు కదుపుతూ నిలబడితే ఏం బాగుంటుందే? మీరొచ్చాక నాటకం పోయింది, ఐటెమ్‌లు మిగిలాయి.

మేనకోడలు: "మీరొచ్చాక" అని భలే అంటావు. ఒక్కళ్ళే ఆడే పద్ధతికి ప్రాణం పోసి, ఆడవాళ్ళకి నేర్పింది వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు. మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి పట్నపు స్టేజీకి సరిపడా దిద్దింది వెంపటి చినసత్యం గారు. ఇద్దరూ మీ ఊరి మగవాళ్ళే. కలాపాన్ని కుదించింది వాళ్ళు, తిట్లు మాకా?

మామయ్య: వాళ్ళని తప్పు పట్టడం లేదు. పొట్ట గడవాలిగా. జమీందారీలు పోయాయి. ఊరూరా సినిమా హాలు వచ్చింది. రాత్రంతా కూచుని కలాపం చూసే ఓపిక ఎవడికుంది? మా నాన్న తరంలో ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు, మేళానికి భోజనాలు పెట్టేవాళ్ళు. నా తరం వచ్చేసరికి దసరాకి పిలిచేవాళ్ళు కూడా తగ్గారు. నేనెందుకు బ్యాంకు పరీక్ష రాశాననుకున్నావు? ఆట మీద విరక్తి పుట్టి కాదు.

మేనకోడలు: అదిగో, అక్కడికే రమ్మంటున్నా నిన్ను. ధాన్యం కొలిచే చెయ్యి ఆగాక మీ ఊరి గురువుల్ని నిలబెట్టిందెవరు? మద్రాసులో, హైదరాబాదులో, బెజవాడలో కూతుళ్ళకి డాన్సు నేర్పించిన మధ్యతరగతి ఇళ్ళు. మా ఫీజులు. మగపిల్లల్ని ఇంజనీరింగు కోచింగుకి పంపి, ఆడపిల్లల్ని మీ దగ్గరికి పంపారు. మీరు మాకు తలుపు తీసింది ఉదారంగా కాదు, అవసరం కొద్దీ.

మామయ్య: అవసరమే అనుకో. ఒప్పుకుంటా. తర్వాత?

మేనకోడలు: తర్వాతేముంది, అవసరం కొద్దీ తీసిన తలుపులోంచి వచ్చినవాళ్ళు ఏం చేశారో చూడు. యామినీ కృష్ణమూర్తి గారు భరతనాట్యం చేసే మనిషై ఉండీ, లక్ష్మీనారాయణశాస్త్రి గారి దగ్గరా, చింతా కృష్ణమూర్తి గారి దగ్గరా నేర్చుకుని కూచిపూడిని దేశమంతా చూపించారు. 2016లో పద్మవిభూషణ్ ఇచ్చారు ఆవిడకి. అనకాపల్లి నుంచి వచ్చిన శోభానాయుడు గారు వెంపటి వారి దగ్గర సత్యభామ వేసి, ఆ వేషం మగవాళ్ళ సొత్తు అనే మాటకే కాలం చెల్లగొట్టారు.

మామయ్య: శోభానాయుడు గొప్ప భామ. కాదన్నానా? కానీ వేదాంతం సత్యనారాయణశర్మ గారిని నువ్వు ముసలితనంలో చూశావు. నేను మంచి వయసులో చూశాను. 1970లోనే పద్మశ్రీ ఇచ్చారంటే ఊరికే ఇచ్చారా? ఆ భామ రంగప్రవేశం చేస్తుంటే ముందు వరసలో కూచున్న ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు సవరించుకునేవాళ్ళు. పుట్టుకతో రానిది సాధన చేసి తెచ్చుకున్నాడే ఆ మనిషి. ఆడది ఆడదానిలా నడవడంలో విద్యేముంది? మగవాడు అలా నడిస్తే అది విద్య.

ఈ మాటకి కారు కొంచెం పక్కకి జరిగిందని నా అనుమానం. నడుపుతున్నది మేనకోడలే.

మేనకోడలు: మామయ్యా, నీ మాట నువ్వే వింటున్నావా? పొద్దున్నే లేచి అడుగుల మీద సాధన చేసి మోకాళ్ళు అరగదీసుకునే నా పిల్లలకి నడక పుట్టుకతో వచ్చిందా? సత్యభామ నడక ఏ ఆడది నడుస్తుంది ఈ లోకంలో? బీసెంట్ రోడ్డులో అలా నడిచి చూపించు. ఆ నడక రాజసాన్ని కట్టి చూపించే కట్టుడు నడక. మగవాడు నేర్చుకున్నా నేర్చుకోవాల్సిందే, ఆడది నేర్చుకున్నా నేర్చుకోవాల్సిందే. మీరు చేస్తే విద్య, మేం చేస్తే స్వభావం. ఈ లెక్కలోనే ఉంది దగా అంతా.

మామయ్య: సరేలే, ఆ ముక్క కొంచెం మోటుగానే అన్నాను. కానీ జపాను వాళ్ళని చూడు. కబుకీలో ఇప్పటికీ ఆడవేషాలు మగవాళ్ళే వేస్తారు. తండ్రి నుంచి కొడుక్కి పేరుతో సహా సంక్రమిస్తుంది. యునెస్కో వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. వాళ్ళు నిలబెట్టుకున్నది మనం వదిలేసుకున్నాం.

మేనకోడలు: కబుకీ మొదలుపెట్టిందెవరో తెలుసా? 1603 ప్రాంతంలో క్యోటో నది ఒడ్డున ఇజుమో నో ఒకుని అనే ఆవిడ. మొదటి మేళాలన్నీ ఆడవాళ్ళవే. 1629లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కకూడదని ప్రభుత్వం నిషేధం పెడితే మగవాళ్ళ చేతికి వచ్చింది. నువ్వు సంప్రదాయం అంటున్నది ఒకప్పటి పోలీసు ఉత్తర్వు.

మామయ్య: మాకు ఒకుని లేదు. సిద్ధేంద్రయోగి ఉన్నాడు. కూచిపూడిలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడాయన. ఎందుకు తీసుకున్నాడో ఎప్పుడైనా ఆలోచించావా? మగవాడన్నవాడు ఒక్క రాత్రి అయినా ఆడదాని విరహం, ఆడదాని అహంకారం, ఆడదాని ఓటమి ఒంటిమీద వేసుకోవాలని. నేను వేశాను. మీసం తీసేసి, ముక్కుకి బేసరి పెట్టుకుని, మా ఊరి జనం ముందు. అది నన్నేం చేసిందో బ్యాంకులో ముప్పై ఏళ్ళ ఉద్యోగం చెయ్యలేదు. ఇప్పుడు మగపిల్లలకి ఆ వేషం లేదు. అమ్మాయిలున్నారుగా అంటున్నారు. మగవాడు ఆడమనసు నేర్చుకునే బడి ఒకటి మూతపడింది. ఆ లెక్క ఎవరు రాస్తారు?

మేనకోడలు: ఇది మాత్రం బాగుంది మామయ్యా. ఇదెప్పుడూ చెప్పలేదు నువ్వు.

మామయ్య: నువ్వెప్పుడూ అడగలేదు. అంతేకాదు, మాచుపల్లి కైఫీయతు చదివావుగా. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు ఆడవాళ్ళని పెట్టిన హింస చూసి వచ్చి, విజయనగరం రాజు కొలువులో కూచిపూడి భాగవతులు అదే ఆటకట్టి ఆడారు. రాజు వాణ్ణి పట్టించాడు. ఆడవాళ్ళ మొర దర్బారుకి చేర్చింది ఆడవేషం కట్టిన మగవాళ్ళే.

మేనకోడలు: అవును. ఎందుకంటే ఆడవాళ్ళు దర్బారుకి వెళ్ళి చెప్పుకునే దారి లేదు కనక. క్షేత్రయ్య గారూ అంతే, మీ పొరుగూరి మొవ్వ గోపాలుడి మీద పదాలు చాలావరకు ఆడగొంతుతోనే రాశారు. ఎంత గొప్పగా రాశారో నాకు తెలుసు, వాటి మీదే నా బతుకు. మా తరఫున మీరు చాలా బాగా మాట్లాడారు మామయ్యా. నాలుగైదు వందల ఏళ్ళు మాట్లాడారు. అందుకు థాంక్సు. ఇంక మేం మాట్లాడుకుంటాం.

కంకిపాడు దాటాక కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. పక్కన బందరు కాలువ చీకట్లో ఉంది. ఉయ్యూరు వస్తుండగా మామయ్య మళ్ళీ అందుకున్నాడు. ఈసారి నేను ఊహించని వైపు నుంచి.

మామయ్య: నువ్వు మేమొచ్చాం, మేమొచ్చాం అంటున్నావు. వెళ్ళిపోయినవాళ్ళ సంగతేమిటి?

మేనకోడలు: ఎవరు?

మామయ్య: కలావంతులు. కృష్ణా గోదావరి మండలాల్లో ఆడవాళ్ళు ఆడనే లేదా? గుళ్ళలో ఆడారు, జమీందార్ల కొలువుల్లో ఆడారు, పెళ్ళిళ్ళలో మేజువాణీలు చేశారు. భామాకలాపం వాళ్ళూ ఆడారు, గొల్లకలాపం వాళ్ళూ ఆడారు. నువ్వు కావాలంటున్న వాచికం, అభినయం, పదం పట్టి గంటసేపు విస్తరించడం, అన్నీ వాళ్ళ దగ్గరున్నాయి. 1947లో దేవదాసీ చట్టం వచ్చింది. గుళ్ళో గానీ ఊరేగింపులో గానీ ఆడది ఆడితే నేరం. సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దకులాల ఆడపిల్లలు గజ్జె కట్టడం మొదలుపెట్టారు. ఒక గుంపు ఆడవాళ్ళు దిగిపోయిన మెట్ల మీదే ఇంకో గుంపు ఎక్కారు. దాన్ని ఆడవాళ్ళ పురోగతి అంటారా, సీటు మార్పిడి అంటారా?

మేనకోడలు: ఆ చట్టం తెమ్మన్నది మగవాళ్ళు మాత్రమే కాదు. ముత్తులక్ష్మీ రెడ్డి గారు పోరాడారు. ఆవిడ తల్లి ఆ కుటుంబాల నుంచి వచ్చినావిడే. ఆ బతుకులో ఉన్న దోపిడీ ఆవిడకి తెలుసు.

మామయ్య: తెలుసు. నేను కాదనను. మద్రాసు మెడికల్ కాలేజీలో 1912లో పట్టా తీసుకున్న మనిషి. మగవాళ్ళ వృత్తిలోకి అడుగుపెట్టిన ఆడది, ఆడవాళ్ళ వృత్తి ఒకటి మూసేయించింది. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మీరు ముందుకొచ్చారని లెక్క రాసేటప్పుడు ఆ పద్దు కూడా రాయమంటున్నా.

మేనకోడలు: రాస్తాను. కానీ పక్కన ఇంకో పద్దు రాయాలి. వాళ్ళని దూరం పెట్టి మాది వేరే, మాది శుద్ధమైన శాస్త్రం అని చెప్పుకున్నదెవరు? మీ మేళంలో ఆడదానికి చోటు లేకపోవడానికి కారణం అదేగా? ఆడది ఎక్కితే మనల్నీ వాళ్ళతో కలిపి చూస్తారని భయం. నటరాజ రామకృష్ణ గారు ఆ పెద్దావిళ్ళ ఇళ్ళకి వెళ్ళి, బతిమాలి, వాళ్ళకి తెలిసినదంతా పోగు చేసి ఆంధ్రనాట్యమని పేరు పెట్టి మళ్ళీ స్టేజీ ఎక్కించేదాకా మీ ఊళ్ళో ఎవరైనా వాళ్ళ గడప తొక్కారా?

మామయ్య: తొక్కినవాళ్ళున్నారు. నేర్పినవాళ్ళూ ఉన్నారు. బయటికి చెప్పుకోలేదు.

మేనకోడలు: అదే నేనంటున్నది.

ఈ వాదంలో ఇద్దరికీ సమానంగా మార్కులు వెయ్యడం నా వల్ల కాదు. కలావంతుల ముక్క దగ్గర మామయ్యే గెలిచాడు. ఆడవాళ్ళు ముందుకు వచ్చారని మనం రాసే వ్యాసాలన్నిటిలోనూ "ఏ ఆడవాళ్ళు" అన్న ప్రశ్న మెల్లిగా జారిపోతుంది. కాకపోతే ఆ ప్రశ్న అడగడానికి ఆయన ఎంత తగినవాడన్నది వేరే సంగతి. అది ఆయనకీ తెలుసు, అందుకే గొంతు తగ్గించాడు.

పామర్రులో టీ కోసం ఆగాం. గుడివాడ రోడ్డు అక్కడే చీలుతుంది. బోర్డు చూసి మామయ్యకి చెస్ ఆడే కోనేరు హంపి గుర్తొచ్చింది.

మామయ్య: చూడవే, గుడివాడలో పుట్టిన పిల్ల. 2002లో పదిహేనేళ్ళ ఒక నెల ఇరవై ఏడు రోజులకి గ్రాండ్‌మాస్టరైంది. ఆడవాళ్ళకి విడిగా ఇచ్చే టైటిల్ కాదు, అందరూ పోటీపడే అసలు టైటిల్. జుడిత్ పోల్గార్ రికార్డుని మూడు నెలల తేడాతో కొట్టింది. ఎవడన్నా నోరెత్తాడా, అమ్మాయి కాబట్టి ఇచ్చారని? నోరెత్తే వీల్లేదు. బోర్డుంది, గడియారముంది, ఆట చీటీ మీద ఎత్తులన్నీ రాసుంటాయి. బెజవాడలో పెరిగిన ఆనీ దివ్య రాయబరేలి వెళ్ళి పైలట్ శిక్షణ తీసుకుని, 2017 నాటికి ముప్పై ఏళ్ళ వయసులో బోయింగ్ 777కి కమాండరైంది. అక్కడా అంతే. లాగ్‌బుక్కులో గంటలుంటాయి. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్ళు, ప్రపంచ సగటు చూస్తే అయిదు దగ్గర. కొలత ఉన్నచోట ఆడవాళ్ళు వచ్చారంటే వచ్చినట్టే. మన దాంట్లో కొలతేది? ఆరు వేల పైచిలుకు మంది 2016లో ఇందిరాగాంధీ స్టేడియంలో ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టారు. మంచిదే. వాళ్ళలో ఆట మీద బతుకుతున్నవాళ్ళెంతమంది? పెళ్ళయ్యాక గజ్జె ముట్టుకున్నవాళ్ళెంతమంది?

మేనకోడలు: ఇన్నాళ్ళకి నా మాట నువ్వు మాట్లాడావు. స్టేడియం నిండడం నాకూ గొప్పగా అనిపించలేదు. నా క్లాసులో చేరిన పిల్లల్లో పదో తరగతి దాటాక మిగిలేవాళ్ళు కొద్దిమంది. ఇంటర్ వచ్చిందంటే గజ్జెలు అటక మీదికి. అరంగేట్రం ఆల్బమ్ పెళ్ళిచూపులకి పనికొస్తుంది. గురువుగారు మాత్రం డెబ్బై ఏళ్ళు వచ్చినా గురువుగారే. మగవాడికి అది వృత్తి, ఆడపిల్లకి అర్హత. వేదిక మీద తలలు లెక్కపెట్టి మేం గెలిచామంటే నేను ఒప్పుకోను.

మామయ్య: మరి దేన్ని లెక్కపెట్టమంటావు?

మేనకోడలు: వేదిక కాదు, వేదిక పక్కన చాప చూడు. తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి? ఏ దరువు ఎంతసేపు, ఎక్కడ ముక్తాయింపు, ఎవరికి ఏ వేషం, ఎవరికి ఎంత డబ్బు, ఇవన్నీ తీర్మానించేది నట్టువాంగం పట్టుకున్న మనిషి. ఆడేవాళ్ళంతా అమ్మాయిలైపోయాక కూడా ఆ చాప మీద కూచున్నది మీరే. నేను మొదట తాళాలు పట్టుకున్నప్పుడు ఓ సభ కార్యదర్శి వచ్చి, "నట్టువాంగానికి మగవాళ్ళెవరూ దొరకలేదామ్మా" అని జాలిగా అడిగాడు. మృదంగం ఆయన నా తాళం వినకుండా తన లెక్కలో తను పోయాడు. ఇప్పుడు ఊరూరా ఆడవాళ్ళు తాళాలు పట్టుకుంటున్నారు. ఇది రావడానికి యామిని గారి తర్వాత ఇంకో తరం పట్టింది. హంపికి గడియారం ఉందన్నావే, మాకు ఆ తాళాలే గడియారం. అవి చేతికొచ్చినప్పుడే వృత్తి మాదైంది.

మామయ్య: హంపి బిడ్డ పుట్టాక కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ వచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది. 2024లో న్యూయార్కులో ఇంకోసారి. ఆగి రావచ్చని తెలిసింది కదా. మీరెందుకు రారు?

మేనకోడలు: ఆవిడకి ఓఎన్‌జీసీలో ఉద్యోగముంది మామయ్యా. రేటింగ్ ఉంది. ఆగినా రేటింగ్ అంకె అక్కడే ఉంటుంది, వచ్చి ఆడుకోవచ్చు. నేను పాప పుట్టాక రెండేళ్ళు ఆగితే నా క్లాసు పిల్లలు పక్క వీధి క్లాసుకి వెళ్ళిపోయారు. మాకున్న ఉద్యోగాలెన్ని? ఘంటసాల గారి పేరు పెట్టిన సంగీత నృత్య కళాశాలలో కొన్ని పోస్టులు, మీ ఊళ్ళో సిద్ధేంద్రయోగి కళాపీఠంలో కొన్ని. మిగతావాళ్ళం ఇంటి హాల్లో సోఫాలు జరిపి క్లాసులు చెప్పుకునేవాళ్ళం. జీతం లేదు, పింఛను లేదు. నువ్వు బ్యాంకుకి పోయావు. మేం పోకుండా ఉన్నాం. నీ బడి మూతపడిందని బాధపడుతున్నావే, అందులో దీపం పెట్టి కూచున్నది మేమే.

మామయ్య టీ గ్లాసు కింద పెట్టి చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత అన్న మాట వాదానికి జవాబు కాదు, కానీ దానికన్నా పనికొచ్చేది.

మామయ్య: మీ అమ్మకి కలాపం మొత్తం నోటికి వచ్చు, తెలుసా?

మేనకోడలు: అమ్మకా?

మామయ్య: మా నాన్న నాకు వసారాలో నేర్పుతుంటే అది వంటింట్లో పప్పు రుబ్బుతూ వినేది. ప్రవేశ దరువులో చరణం మర్చిపోయి నేను తడుముకుంటే లోపలినుంచి అందించేది. ఒకసారి మా నాన్న విన్నాడు. ఎవరూ నేర్పకుండానే శ్రుతిలో అందుకుంటోంది. కాసేపు ఊరుకుని, "ఆ పిల్లని నీళ్ళు తెమ్మను" అన్నాడు. అంతే. దానికి గజ్జె కట్టాలన్న ఊహ ఆయనకి రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

మేనకోడలు: అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. నేను డాన్సు నేర్చుకుంటానంటే నాన్నతో పోట్లాడి చేర్పించింది. కారణం అడిగితే, ఒంటికి మంచిదని చెప్పింది.

మామయ్య: మా ఊరి ఆడపిల్లలకి చివర్న వచ్చిందే. మద్రాసు పిల్లలకి వచ్చింది, ఢిల్లీ పిల్లలకి వచ్చింది, అమెరికా పిల్లలకి వచ్చింది. మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి ఆఖర్న. వెంపటి వారి అమ్మాయి బాలత్రిపురసుందరి లాంటివాళ్ళు ఆడి, నేర్పి చూపించారు కాబట్టి ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు.

మేనకోడలు: అయితే ఒక పని చెయ్యి. నీకు మాధవి వాచికం అంతా వచ్చు. సూత్రధారుడి కందార్థాలు, భామతో సంవాదం, లేఖ ఘట్టం. అయిదు నిమిషాల ముక్కలు కాదు, రాత్రంతా ఆడే పాఠం. నాకు నేర్పు. వచ్చే ఏడాది నా పిల్లలతో పూర్తి కలాపం పెడతా, పిల్లలే పాడతారు, పిల్లలే మాట్లాడతారు. సూత్రధారి వేషం నేను కడతా.

మామయ్య: నువ్వా?

మేనకోడలు: నేనే. వాచికం పోయిందని ఇందాకటినుంచి ఏడుస్తున్నావు కదా. నీ దగ్గర ఉంది, నాకు కావాలి. ఇంక అడ్డేమిటి?

మామయ్య: అడ్డు ఉంది. అది నీకు తట్టలేదు. సూత్రధారుడు భామ దగ్గర మాధవి అవుతాడు, కృష్ణుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు మాధవుడవుతాడు. మీసాలున్న మనిషి ఉత్తరీయాన్ని పైటలా ఒక పక్కకి వేసుకుని "అమ్మా సత్యభామా" అంటే జనం పడీ పడీ నవ్వుతారు. కలాపంలో హాస్యం అంతా అక్కడే ఉంది. ఆడదానివి నువ్వు మాధవివైతే అందులో నవ్వేముంది? మామూలు చెలికత్తెవి.

మేనకోడలు: మాధవి దగ్గర నవ్వకపోతే మాధవుడి దగ్గర నవ్వుతారు. తిరగేస్తా.

మామయ్య: తిరగేస్తే మాటలు తిరగరాయాలి. పాఠంలో చెయ్యి పెడతావా?

మేనకోడలు: మీరు పెట్టలేదా? ఒక్కో మేళానికి ఒక్కో పాఠం ఉంది, మీ నాన్న నోటుపుస్తకానికీ పక్కింటివాళ్ళ నోటుపుస్తకానికీ పొంతన లేదని నువ్వే చెప్పావు.

మామయ్య: శ్రుతి కూడా కుదరదు. ఆ దరువులు మగ శ్రుతికి కట్టినవి. నీ గొంతుకి ఎత్తితే భామ గొంతుకీ నీ గొంతుకీ తేడా తెలీదు.

మేనకోడలు: భామ వేషం అబ్బాయికి ఇస్తా. క్లాసులో ఒకడున్నాడు, తొమ్మిదో తరగతి. నడక నువ్వు నేర్పు. బడి మళ్ళీ తెరిచినట్టూ ఉంటుంది.

మామయ్య: ... వాడికి జడ వెయ్యడానికి జుట్టుందా?

మేనకోడలు: సవరం పెడదాం. నువ్వు మాత్రం సొంత జడతో ఆడావా ఏమిటి?